లువాన్ బాబాయి అజేలియా

చైనాలోని దాన్‌దోంగ్ ఊరి వాళ్ళకి అజేలియా పూలమొక్క అంటే పిచ్చి. బయట యాలూ నది గడ్డకట్టుకుపోయినా సరే, లోపల కిటికీ దగ్గర ఒక కుండీ పచ్చగా ఉండకపోతే ఆ ఇంటి ఇల్లాలి గురించి మెట్ల మీద గుసగుసలు మొదలవుతాయి. యాచిన్ గురించి మాత్రం అలా ఎవరూ అనుకోలేదు. పట్టు మిల్లులో తనకు పని నేర్పిన లువాన్ బాబాయి ఎప్పుడో ఒక చిన్న కొమ్మ ఇస్తే, దాన్ని ఆమె నడుమెత్తు మొక్కను చేసింది. కొండ మీద దేవదారు చెట్ల కింద కుళ్ళిన ఆకుల మట్టి తెచ్చి పోసింది. కుళాయి నీళ్ళు దానికి పడవని, నిలవ ఉంచి, రెండు చుక్కలు వెనిగర్ కలిపి మరీ పోసేది. మొగుడు షూచాంగ్ కుళ్ళుకుని చచ్చేవాడు. "నా టీలో పంచదార ఉందో లేదో ఏనాడైనా చూశావా?" అనేవాడు.

ఈ శీతాకాలం బాబాయి మంచం పట్టాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. కొత్త సంవత్సరం పండుగ దాటితే గొప్పేనని డాక్టర్లు ఇంటికి పంపించేశారు. పెళ్ళాం పోయినప్పుడే ఆయన తన కుండీలన్నీ పంచిపెట్టేశాడు. కింది అంతస్తులో తన ఇంట్లో పడుకుని యాచిన్‌ని ఒకే ఒక్కటి అడిగాడు.

"ఏమే పిల్లా, మన మొక్క పూత చూసి పోతానంటావా?"

"చూడకుండా ఎక్కడికి పోతారు? నేను పోనిస్తేగా!" అంది యాచిన్.

అనడమైతే అంది గాని, అద్దాలు బిగించిన చల్లటి వసారాలో ఆ మొక్క వసంతం వస్తే గాని పూయదు. పండుగేమో ముంచుకొస్తోంది. అందుకని బాబాయికి చెప్పకుండా కుండీని గదిలోకి తెచ్చి, గదిని వెచ్చబరిచే వేడినీళ్ళ గొట్టాల పక్కన పెట్టింది. మొదట్లో మొగ్గలు ఉబ్బాయి. యాచిన్ కాలు నేల మీద నిలవలేదు. ఆ తర్వాత ఆకుల అంచులు మాడాయి, ఒక్కొక్కటే రాలసాగాయి. తడిగుడ్డలు కప్పినా, నీళ్ళు చిలకరించినా ఆగలేదు. రోజూ పొద్దున్నే రాలిన ఆకులు ఏరుకుంటూ ఏడ్చేది.

కింద ఉన్న బాబాయికి ఎలా తెలిసిందో ఏమో, తనను పైకి తీసుకెళ్ళమని పట్టుబట్టాడు. షూచాంగ్ వీపు మీద ఎక్కించుకుని తెచ్చాడు. ఎముకల మూట, అంతే. కుర్చీలో కూలబడి, కుక్కతోలు టోపీ తీసి, కాసేపు మొక్క వంక చూశాడు. ఒక ఆకు పట్టుకుని వేళ్ళ మధ్య నలిపాడు.

"నా కోసం దీన్ని వేయించావటే?"

యాచిన్ కింద రాలిన ఆకు ఒకటి వంగి ఏరింది.

"మొగ్గలూ మోసి, ప్రాణమూ నిలుపుకునే ఓపిక దీనికి లేదు. రెంట్లో ఒకటే. తుంచెయ్."

"వద్దు బాబాయ్! పండక్కి ఒకటో రెండో విచ్చుకుంటాయి. మొక్క పోతే పోనివ్వండి. మీకు చూపించకపోతే నేను తట్టుకోలేను."

"నువ్వు తట్టుకోవడానికా ఇది బతికేది? నోరు మూసుకుని ఇటు జరుగు. మిల్లులో దారం తెగితే మగ్గం ఆపేదానివా, ఏడుస్తూ కూర్చునేదానివా?"

ఆయనే కుండీని ముందుకు లాక్కున్నాడు. వేళ్ళతో ఒక మొగ్గను పట్టుకుని, పక్క చిగురుకు దెబ్బ తగలకుండా, మెలితిప్పి తీశాడు. తరువాత ఇంకొకటి. మధ్యలో దగ్గు తెర వస్తే ఆగి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. షూచాంగ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తాను చూడాలని కోరుకున్న ఒకే ఒక్క పూతను తన చేతులతోనే తీసేస్తూ కూడా ఆ మనిషి ఒక్క చిగురు విరగనివ్వలేదు. యాచిన్ ఇన్నాళ్ళూ ఆయన్ని గురువని గౌరవించింది. ఇప్పుడు మొదటిసారి ఆయన ముందు వంగి దణ్ణం పెట్టాలనిపించింది.

కొమ్మలు బోసిపోయాయి. ఆయన తన ఒడిలో పడిన మొగ్గల్లోంచి ఉబ్బినది ఒకటి ఏరి, బొటనవేలి గోరుతో నిలువునా చీల్చాడు. లోపల ముడుచుకున్న రేకులు ఎర్రగా, తడిగా ఉన్నాయి. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎర్రగానే ఉందే పిల్లా," అన్నాడు. "చూసేశానుగా. ఇంక దీన్ని తీసుకెళ్ళి చలిలో పెట్టు, నన్ను తీసుకెళ్ళి వెచ్చగా పడుకోబెట్టండి."