బ్లెస్సీ కూనిరాగం

సురేష్ బాబు ఫోన్ చేసిన రోజు ప్రేమ్ కిరణ్‌కి కాళ్లు నేల మీద నిలవలేదు. ఒకప్పుడు ఇద్దరూ తిరువూరు చుట్టుపక్కల పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రా వాయించినవాళ్లే. ఇప్పుడు సురేష్ బాబు హైదరాబాదులో ఒక సంగీత దర్శకుడి దగ్గర అసిస్టెంటు. వాళ్లు చేస్తున్నది గూఢచారి సినిమా. శత్రువుల ఇంట్లో వంటమనిషిగా చేరిన హీరోయిన్ తెర మీదకు వచ్చినప్పుడల్లా వినిపించే థీమ్‌కి ట్యూను సిద్ధంగా ఉంది. కీబోర్డే కుదరడం లేదు.

"నీ గురించి సార్‌కి చెప్పానురా. వాయించి పంపు," అన్నాడు.

ప్రేమ్ కిరణ్ తిండి మీద ధ్యాస లేకుండా వాయించాడు. వయొలిన్లు ఎక్కడ రావాలో తెలియడానికి ఆ చోట్ల భార్య బ్లెస్సీ చేత కూనిరాగం తీయించాడు. ఆమె స్కూలు టీచరు. ఆదివారం చర్చిలో అతని కీబోర్డుకి పాడుతుంది. స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చి ఒక్కసారి పాడి వెళ్లిపోయింది.

సురేష్ బాబు మళ్లీ ఫోన్ చేశాడు. "ఆ గొంతు ఎవరిదిరా?"

"మా బ్లెస్సీది. ఊరికే గుర్తు కోసం పెట్టాన్లే. కీబోర్డు ఎలా ఉంది?"

"బాగుంది. కీబోర్డుకి ఇక్కడ మనుషులున్నారులే. సార్‌కి ఆ గొంతు కావాలంట. చెల్లెమ్మని తీసుకురా."

తీసుకెళ్లాడు. స్టూడియోలో అద్దానికి ఇవతల, ఆమె హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. లోపల ఆమె పాడుతుంటే సంగీత దర్శకుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తన వాయింపు విని ఎవరైనా అలా లేచి నిలబడాలని ప్రేమ్ కిరణ్ ఎన్నేళ్లుగానో ఆశపడ్డాడు.

సినిమా తిరువూరుకు వచ్చింది. హాల్లో కూనిరాగం మొదలవగానే అతని తల్లి జోజమ్మ, "మా కోడలేనండి!" అని వెనక వరుసకు చెప్పింది. ఇంటర్వెల్‌లో ఎవరో కుర్రాడు వచ్చి ప్రేమ్ కిరణ్‌తో చెయ్యి కలిపాడు.

"మీరు బ్లెస్సీ గారి హస్బెండ్ కదండీ?"

అవునన్నాడు. చేతిలోని సమోసా తినబుద్ధి కాలేదు.

ఆ ఆదివారం పూజలో ఫాదర్ గారు బ్లెస్సీ పేరు చెప్పి అభినందించారు. అందరూ చప్పట్లు కొట్టారు. కీబోర్డు ముందు కూర్చున్న ప్రేమ్ కిరణ్, సత్ప్రసాదం పంచేటప్పుడు పాడే పాటకు ముందు బటన్ నొక్కి శృతి పెంచేశాడు. పల్లవి ఎలాగో గడిచింది. చరణంలో పై స్థాయికి వెళ్లేసరికి ఆమె గొంతు జీరపోయి విరిగింది. ముందు బెంచీలో ఆడపిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అతనికి హాయిగా అనిపించింది. ఆమె అతని వైపు తిరిగి చూసేసరికి ఆ హాయి కాస్తా పోయింది. మిగతా పాటంతా ఆమె కింది స్థాయిలోనే ముగించింది.

ఇంటికొచ్చాక జోజమ్మ దిష్టి తగిలిందని గొణిగింది. బ్లెస్సీ గదిలోకి వచ్చి తలుపు దగ్గరకు వేసింది.

"ఎంత పెంచారు?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. "మూడు మెట్లు," అన్నాడు.

"ఎందుకండీ?"

"ఓర్చుకోలేకపోయాను."

"కోపం ఉంటే ఇంట్లో తిట్టండి. మీ వాయింపు నమ్ముకునే కదా నేను గొంతెత్తేది!"

ఆ సినిమా రెండో భాగానికి పిలుపు వచ్చినప్పుడు ప్రేమ్ కిరణ్ ఆమెను బస్టాండు దాకా దిగబెట్టాడు. "నేనూ రానా?" అని అడిగాడు.

"వద్దండీ. మీరు ఎదురుగా ఉంటే ఇప్పుడు పాడలేను."

బస్సు వెళ్లిపోయింది. మర్నాడు స్టూడియో నుంచి ఆమే ఫోన్ చేసింది. ట్యూను వినిపించి, "చివర్లో ఊపిరి చాలట్లేదు. ఎక్కడ తీసుకోను? నిజం చెప్పండి," అంది.

ఇంకోసారి వినిపించమన్నాడు. ఆ గదిలో ఈసారి ఎంతమంది లేచి నిలబడతారో అన్న ఆలోచన వచ్చింది. తప్పు చోటు చెప్పినా ఆమె నమ్ముతుంది.

"రెండోసారి గొంతు సాగదీసే ముందే తీసుకో. అక్కడ డ్రమ్ము పడుతుంది, ఊపిరి వినపడదు," అని సరైన చోటే చెప్పాడు.

"సరే," అని ఆమె ఫోన్ పెట్టేసింది.