పక్కవాడి ఊపిరి

నేను ఒక స్పేర్ రెగ్యులేటర్‌ను. సముద్రం అడుగుకి దిగేవాళ్ల వీపున గాలి సిలిండర్ ఉంటుంది. దాన్నుంచి వచ్చే నల్ల గొట్టం వాళ్ల నోటికి అందుతుంది. పసుపు గొట్టం చివర ఊరికే వేలాడేది నేను. నల్లదానికి ఏమైనా అయితే నా అవసరం పడుతుంది, అదీ చాలాసార్లు పక్కవాడికి. ఒకరి ఛాతీని అంటిపెట్టుకుని ఇంకొకరి కోసం కాచుకుని ఉండటమే నా ఉద్యోగం.

ఎక్కడో ఫ్యాక్టరీలో తయారయ్యాను. నన్ను మొదట కొన్నది ఒక డాక్టరుగారు. నాతో ఫొటోలు బాగానే దిగారు గానీ నీళ్లలోకి పెద్దగా దిగలేదు. ఆయన దగ్గర్నుంచి విశాఖ జాలరిపేటలో ఉండే ఎల్లాజీకి చేరాను.

ఎల్లాజీ, అతని బావ పైడిరాజు కలిసి, మునిగిన పడవలకు చిక్కుకున్న వలలు కోసి తీస్తుంటారు. పైడిరాజుకి తొందర ఎక్కువ. వలలో తగులుకుంటోందని తన స్పేర్ విప్పి ఇంట్లో పడేశాడు. ఆ సంగతి ఎల్లాజీ పడవ మీద గమనించాడు.

"అది లేకుండా దిగొద్దు బావా. రేపెల్దాం."

"నీకు బయమైతే పడవలో కూకో. నానొక్కడ్నే దిగుతాను."

ఇద్దరూ చెరోవైపు మొహాలు తిప్పుకున్నారు. అయినా బావని ఒంటరిగా పంపలేక ఎల్లాజీ వెనకే దిగాడు.

అడుగున పైడిరాజు వల కోస్తుండగా అతని గొట్టం పగిలింది. బుడగలు అతన్ని కమ్మేశాయి. కంగారులో పైకి తన్నుకుపోబోయాడు. అంత లోతు నుంచి ఒక్కసారిగా లేస్తే ఊపిరితిత్తులు చిట్లుతాయి. ఎల్లాజీ అతని బెల్టు పట్టి ఆపి, రెండో చేత్తో నన్ను లాగి అతని నోటికి అందించాడు.

నాలో నీళ్లున్నాయి. మొదటి గుక్కకే పైడిరాజు ఉక్కిరిబిక్కిరై నన్ను ఉమ్మేయబోయాడు. ఎల్లాజీ నా బటన్ నొక్కి పట్టాడు. లోపలి నీళ్లను గాలి బయటికి తోసేసింది. అప్పుడు పైడిరాజు పీల్చాడు, నా రబ్బరులో పళ్లు దిగేంత గట్టిగా కరిచిపట్టి.

ఒకటే సిలిండర్, ఇద్దరు మనుషులు. ఒకరి బెల్టు ఒకరు పట్టుకుని ఎదురెదురుగా, మెల్లగా లేచారు. లోతులో రక్తంలో కరిగిన గాలి మెల్లగా వదలడానికి, నీటి పైకి తేలేముందు కాసేపు ఆగాలి. ఆగారు. గాలి మీటరు ముల్లు దిగిపోతూనే ఉంది. పడవ మీద మొహాలు తిప్పుకున్న ఇద్దరికీ అక్కడ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోవడం తప్ప వేరే పని లేదు. మాట్లాడుకునే వీలున్న చోట మనుషులు అంత శ్రద్ధగా చూసుకోగా నేనైతే ఎప్పుడూ చూడలేదు.

పడవెక్కాక పైడిరాజు చాలాసేపు దగ్గాడు. ఆ తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"మీ అక్కకి సెప్పకురా."

"నాను సెప్పను. నువ్వే సెప్పు."

పైడిరాజు ఇంట్లో చెప్పినట్టే ఉన్నాడు. మర్నాడు ఎల్లాజీ అక్క కాసులమ్మ పడవ దగ్గరికి వచ్చింది. మొగుణ్ణి దాటుకుని నేరుగా ఎల్లాజీ దగ్గరికి నడిచింది. సామాను పక్కన కూర్చుని, "అదేదిరా?" అని తమ్ముణ్ణి అడిగింది. ఎల్లాజీ సిలిండర్ వాల్వు తిప్పి నన్ను చేతికిచ్చాడు. కొంగుతో తుడిచి, కాస్త తటపటాయించి, నోట్లో పెట్టుకుని పీల్చింది. కళ్లు మూసుకుని మళ్లీ పీల్చింది.

"గాలి వస్తంది," అంది.

పడవ తోయడానికి అంతా లేచారు. ఆవిడ మాత్రం నన్ను ఇంకా వదల్లేదు.