చక్కెర వేయని టీ

ఆ రోజు బాకూలో సముద్రం కనిపించలేదు. పొద్దున ఆఫీసుకొచ్చి కిటికీ తెర లాగితే కాస్పియన్ మొత్తం మంచులో కలిసిపోయి ఉంది. పంతొమ్మిదో అంతస్తులో నిలబడ్డ నాకు నీళ్ళెక్కడో, ఆకాశమెక్కడో తెలియలేదు. పదిహేనేళ్ళుగా లండన్ లాయర్ల కంపెనీకి ఈ ఊళ్ళో ఉన్న శాఖలో పనిచేస్తున్నాను. చమురు, గ్యాసు, కంపెనీల అమ్మకాలూ కొనుగోళ్ళూ, ఇదే మా బతుకు. అలాంటి చోట కూడా కిటికీలోంచి చూస్తే ఒక్కోసారి నిద్రలో నడుస్తున్నట్టే ఉంటుంది.

తొమ్మిదింటికి లండన్ నుంచి మా పెద్దాయన అలిస్టర్ మెయిల్ వచ్చింది. ఆ మధ్యాహ్నమే మా క్లయింటు మస్మా ఖానుమ్ తన కంపెనీని నార్వేవాళ్ళకి అమ్మేస్తోంది. ఆవిడకి డెబ్బై ఆరేళ్ళు. ఒకప్పుడు నడిసముద్రంలో బావులు తవ్వించిన ఇంజనీరు. తర్వాత ముగ్గురు మనుషులతో సొంతంగా మొదలుపెట్టి రెండొందల పద్నాలుగు మందిని చేసింది. అమ్మకానికి ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: మూడేళ్ళ వరకు ఒక్క మనిషిని కూడా పనిలోంచి తీసెయ్యకూడదు.

మెయిల్లో ఆ షరతు మారిపోయింది. 'మూడేళ్ళు' పోయి 'సాధ్యమైనంత కాలం' వచ్చింది. 'చిన్న సవరణే, నేను ఒప్పుకున్నాను. సంతకం ఎలాగూ మన దగ్గరుంది. ఫోన్‌లో ఇది ఎత్తి ఆవిడని కంగారు పెట్టకు' అని రాశాడు.

సంబడమే! మా పని ఇలాగే నడుస్తుంది మరి. ఒప్పందం రాత పూర్తికాక ముందే సంతకాల పేజీ విడిగా తీసుకుని దగ్గర పెట్టుకుంటాం. చివరి రోజు అందరూ ఫోన్‌లో కలిసి ఎవరికి వారు 'వదిలాను' అంటారు. ఆ మాట పడ్డాక ఆ పేజీని తయారైన కాగితాలకి జతచేస్తాం. మస్మా ఖానుమ్ మొన్న సంతకం పెట్టినప్పుడు మూడేళ్ళు ఉంది. ఇప్పుడు అదే సంతకం ఇంకో మాట కింద కూర్చోబోతోంది.

ఆవిడకి ఫోన్ చెయ్యాలి. చెయ్యలేదు. భయం, అంతే. అలిస్టర్‌తో పెట్టుకున్నవాళ్ళెవరూ ఈ ఆఫీసులో మిగల్లేదు. పదైంది, పదకొండైంది. మంచు కిటికీ దాకా వచ్చింది. ఆవిడ సంతకం మీద చెయ్యి పెట్టుకుని నేనలాగే కూర్చున్నాను.

ఇంట్లోంచి ఫోన్‌లో ఒక మాటంటే సరిపోయేది. అయినా పన్నెండింటికి ఆవిడే వచ్చేసింది.

"ఏమే సోల్మాజ్, ఆ మొహమేమిటి? మంచులో తప్పిపోయిన గొర్రెపిల్లలా ఉన్నావు."

"రా ఖాలా, కూర్చో." మా అమ్మకి అక్క వయసు ఆవిడది. అందుకే ఖాలా అంటాను, పెద్దమ్మా అన్నట్టు.

"కూతుర్ని ఇచ్చేటప్పుడు ఫోన్‌లో 'సరే, తీసుకుపోండి' అంటారటే ఎవరైనా? అందుకే వచ్చాను. చూడు, పట్టుచీర లేదుగానీ మంచి కోటే వేసుకున్నా."

"నీకు పట్టుచీరలెక్కడ తెలుసు ఖాలా?"

"ఏం, నాకు టీవీ లేదనుకున్నావా?"

బల్లమీద ఫోన్‌లోంచి గొంతులు తేలి వచ్చాయి. లండన్‌లో అలిస్టర్, ఓస్లోలో కొనేవాళ్ళ లాయరు ఇంగున్, మధ్యలో దుబాసీ రాసిమ్. ఈ గదిలో మేం ఏ మాట అన్నా రాసిమ్ ఇంగ్లీషులోకి మార్చేస్తాడు. తన వంతు రాగానే ఇంగున్ 'వదిలాను' అంది.

"మస్మా ఖానుమ్, మీరు?" అన్నాడు అలిస్టర్.

"ఆగవయ్యా, నీ రైలేం వెళ్ళిపోదు. ముందు టీ. వెళ్ళి చక్కెర కలిపి పట్రావే సోల్మాజ్, పిల్లనిస్తున్నాంగా."

మా దగ్గర సంబంధం అడగడానికి వచ్చినవాళ్ళకి ఆడపిల్లవారు తీపి టీ ఇస్తే ఇష్టమేనని. చక్కెర లేని టీ ఇస్తే, ఇక వెళ్ళిరండి అని. నోటితో ఎవరూ ఏమీ అనరు.

వంటగదిలో కూడా మంచులాగే ఆవిరి. నడుం సన్నగా ఉండే గ్లాసులో టీ పోశాను, ఎర్రగా, చిక్కగా. చెంచాడు చక్కెర తీశాను. చెయ్యి గాలిలో అలా ఎంతసేపుందో నాకు తెలియదు. గ్లాసు లోపల రెండొందల పద్నాలుగు మంది పడవలో కూర్చుని నన్నే చూస్తున్నట్టనిపించింది. చక్కెర మళ్ళీ డబ్బాలో పోసేసి, టీ పట్టుకెళ్ళాను.

మస్మా ఖానుమ్ ఒక గుక్క తాగింది. గ్లాసు దించింది. నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"పిల్లని ఇవ్వడం లేదు," అంది ఫోన్‌తో.

రాసిమ్ తడబడ్డాడు. "ఏ పిల్ల అండీ?"

"నువ్వు నోరు ముయ్యి నాయనా. సోల్మాజ్, ఏం మారింది?"

ఇక దాచలేక చెప్పేశాను. ఆ వాక్యం చదివి వినిపించాను. రాసిమ్ అదంతా మార్చి చెబుతుంటే అలిస్టర్ నా పేరు రెండుసార్లు పిలిచాడు.

ఓస్లో నుంచి ఇంగున్ మెల్లగా అంది: "మేం ఊరికే అడిగి చూశాం. మీ లండన్ ఆయన వెంటనే సరేనన్నారు. మూడేళ్ళే ఉంచమంటే ఉంచేస్తాం, మాకేం ఇబ్బంది లేదు."

అడిగితే సరిపోయేదట! ఒక్కసారి గట్టిగా కాదనడానికి మావాడికి బద్ధకం, నాకు పిరికితనం.

మూడేళ్ళని మళ్ళీ రాయించి, ఆ పేజీ తన కళ్ళతో చూసుకున్నాక మస్మా ఖానుమ్ "వదిలాను" అంది. ఫోన్‌లో చప్పట్లు. మా క్లయింటు ప్రయోజనాన్ని చివరి నిమిషందాకా కాపాడినందుకు అలిస్టర్ నన్ను అందరిముందూ అభినందించాడు కూడా. సిగ్గులేని మనిషి. నేను థాంక్యూ అన్నాను, నాకు మాత్రం సిగ్గెక్కడుంది?

లిఫ్టు దాకా దిగబెట్టడానికి వెళ్ళాను. ఆవిడ నన్ను దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. అబద్ధమెందుకు, ఎదురుచూశాను.

"నీకెప్పుడు తెలిసింది?" అంది.

"తొమ్మిదింటికి ఖాలా."

ఆవిడ కోటు గుండీలు ఒక్కొక్కటీ పెట్టుకుంది. కోపంగా లేదు. అలసిపోయినట్టుంది.

"నేను టీ అడక్కపోయుంటే చెప్పేదానివా?"

లిఫ్టు వచ్చింది. ఆవిడ జవాబు కోసం తలుపు పట్టుకుని నిలబడింది.