కొండచీలికా, నీటిముద్రా

ఆదివారం మధ్యాహ్నం రద్దీ తగ్గాక కినుయే అట్ల కొట్టుకి ఇసాకు వచ్చాడు. గుమ్మానికి వేలాడే గుడ్డతెర పక్కకు తీసి, తల వంచి లోపలికొచ్చి, పెనం ముందు వరసలో చివరి నుంచి రెండో పీట మీద కూర్చున్నాడు. చివరి పీట ఖాళీగా ఉంది. దాని మీద కూర్చోవద్దని కినుయే ఎవరికీ చెప్పలేదు. అది ఆమె భర్త షిగెహారుదని ఒనొమిచి రేవు వీధిలో అందరికీ తెలుసు.

"ఎండ మండిపోతోంది, ఒకుసాన్." స్నేహితుడి భార్యను ఇసాకు అలాగే పిలుస్తాడు, ముప్పై ఏళ్లుగా.

"అవునండీ. రేవు మీద గాలన్నదే లేదు."

"అట్టు చాలా బాగుంది."

"ఇంకా వెయ్యనే లేదు, ఇసాకు సాన్."

ఇసాకు చెవులు ఎర్రబడ్డాయి. "అంటే... బాగుంటుందని."

కినుయే నవ్వబోయి ఆపుకుంది. పొడుగాటి ఇనుప పెనం మీద పిండి పలచగా తిప్పి, దాని మీద క్యాబేజీ తురుము గుట్టగా పోసింది. పక్కన నూడుల్స్ వేసింది. నూనె చిటపటలు తప్ప కొట్లో ఇంకో చప్పుడు లేదు.

షిగెహారు పోయిన దగ్గర్నుంచీ ప్రతి ఆదివారం ఇదే వరస. ఇసాకు మానకుండా వస్తాడు. వీపు నిటారుగా పెట్టి తింటాడు, మెచ్చుకుంటాడు, తల వంచి వెళ్లిపోతాడు. గుడికెళ్లి వచ్చినట్టు ఉంటుంది ఆయన రాక. ఆయన వెళ్లాక కొట్టు ఇంకాస్త పెద్దదైనట్టు ఆమెకు అనిపిస్తుంది.

ఇంతకుముందు అలా ఉండేది కాదు. ఓడల కార్ఖానాలో వెల్డింగు చేసే షిగెహారు, వీధి చివర క్షౌరశాల నడిపే ఇసాకు, ఆ పీటల మీద కూర్చుని ఒకే సంగతి మీద ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. ఇద్దరూ కుర్రతనం నుంచీ చూసిన బొమ్మల సీరియల్ ఒకటుంది. అందులో ఇవామారు అనే మల్లుడు. అతనివి రెండు పెద్ద దెబ్బలు. ఒకటి కొండచీలిక: గాల్లోకి ఎగిరి, అరిచి, పిడికిలితో గుద్దితే కోటగోడలు పిండైపోతాయి. రెండోది నీటిముద్ర: శత్రువు గుండె మీద అరచెయ్యి ఊరికే ఆనిస్తాడు. చప్పుడుండదు. శత్రువు నవ్వుకుంటూ నాలుగడుగులు నడిచి, అప్పుడు కూలిపోతాడు.

షిగెహారుది కొండచీలిక పక్షం. ఇసాకుది నీటిముద్ర.

"ఇనుప సేనాపతిని పడగొట్టింది ఏదిరా? నీటిముద్ర కాదూ?" అనేవాడు ఇసాకు.

"ముందు వాడి కవచాన్ని బీట కొట్టింది ఎవరు? నా కొండచీలిక! పగిలిన కుండను తోస్తే పడదా? మంగలివాడివి, నీకు మెత్తటి చేతులే గొప్ప!"

"నీకు నిప్పురవ్వలు రాలితేనే పనైనట్టు!"

షిగెహారు అట్టు తినే చిన్న ఇనప గరిటెతో పెనాన్ని ఠంగుమని కొట్టేవాడు. "పెనం పగులుతుంది, ముసలి పిల్లల్లారా!" అని కినుయే పెనం అవతల నుంచి కసిరేది. ఆ బొమ్మలను ఆమె ఒక్కరోజూ తిన్నగా చూడలేదు.

ఇప్పుడు చూసింది. వసంతమంతా, కొట్టు తెరవకముందు, షిగెహారు డిస్కుల పెట్టె తీసి ఒక్కొక్కటే పెట్టుకుని చూసింది. పూజాపీఠం మీద అతని ఫొటో ముందు మొదటి అన్నం పెట్టి, టీవీ కొంచెం అటువైపు తిప్పేది. మొదట్లో ఎవరు ఎవరో తెలిసేది కాదు. రానురాను తెలిసింది. షిగెహారు తరఫున తాను మాట్లాడితే, ఇసాకు ఎదురు తిరుగుతాడు. ఇసాకు ఎదురు తిరిగితే కొట్లో మళ్లీ గొంతు వినిపిస్తుంది. ఆమెకు కావలసింది అంతే.

అట్టు తిరగేసి, సాసు పూసి, ముక్కలు కోసి ఇసాకు ముందుకు జరిపింది. చేతులు తుడుచుకుంది.

"ఇసాకు సాన్, నేను ఇవామారుని మొత్తం చూశాను."

ఇసాకు చేతిలో గరిటె ఆగింది. "మీరా?"

"చివరి దాకా. మా ఆయన చెప్పిందే నిజం. కొండచీలికే గొప్పది. సేనాపతి కవచం ముందే బీట కొట్టింది కదా. నీటిముద్ర ఊరికే తోసింది."

చెప్పి ఎదురుచూసింది. ఇప్పుడు అరుస్తాడు. ఇప్పుడు నిప్పురవ్వల సంగతి ఎత్తుతాడు.

ఇసాకు గరిటె కింద పెట్టాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని తల వంచాడు.

"అవును ఒకుసాన్. షిగె అన్నదే నిజం. నేనే ఇన్నాళ్లూ మొండికేశాను."

"అదేంటండీ?"

"పోయినవాడితో గెలుపేంటి? ఒప్పుకుంటున్నాను."

కినుయే అటు తిరిగి గుడ్డ తీసుకుని, శుభ్రంగానే ఉన్న పెనం అంచు తుడిచింది. అంత్యక్రియల రోజు ఈ మనిషి ఇలాగే తల వంచాడు. అప్పుడు ఆమె ఏడవలేదు. వచ్చినవాళ్లందరికీ టీ పోసింది, చెప్పుల జతలు సరిచేసింది, ఎంత నిబ్బరమో అని అందరూ అనుకున్నారు. మంచు కాలం వచ్చాక ఒక పొద్దున క్యాబేజీ తరుగుతూ, చేతిలో కత్తి ఉండగానే నేల మీద చతికిలబడింది. ఎంతసేపటికీ లేవలేకపోయింది.

గుడ్డ పక్కన పెట్టింది.

"నేను అబద్ధం చెప్పాను," అంది. "మా ఆయన తప్పు. నీటిముద్రే పెద్దది."

"ఒకుసాన్, నా కోసం మీరు—"

"మీ కోసం కాదు. పిడికిలి దెబ్బ తగిలిన చోటే తెలిసిపోతుంది. మనిషి అరుస్తాడు, కట్టు కట్టించుకుంటాడు. అరచెయ్యి దెబ్బ తగిలినవాడికి తగిలిందనే తెలీదు. నడుస్తాడు, నవ్వుతాడు. అందుకని దానికి అడ్డు లేదు. కొండచీలికదేముంది? ఉత్త గోల. మా ఆయన లాగే."

ఇసాకు మెడ నెమ్మదిగా నిటారైంది. ఖాళీ పీట వైపు ఒకసారి చూశాడు.

"గోల అనకండి," అన్నాడు.

"గోల కాకపోతే ఏంటి?"

"నల్లకోన ఘట్టంలో ఇవామారు చెయ్యి విరిగింది. అరచెయ్యి తెరుచుకోదు. అప్పుడేది కాపాడింది? విరిగిన చేత్తోనే పిడికిలి బిగించాడు కదా! ఊరు ఊరంతా బతికింది!"

"ఊరు బతికింది సరే, ఆ గుద్దుకి వంతెన కూలింది. పంట ఎలా మోసుకొస్తారు?"

"వంతెన మళ్లీ కడతారు! షిగె ఎప్పుడూ అనేవాడు, కట్టేవాడు ఉన్నంత కాలం విరగ్గొట్టడానికి భయపడకూడదని! మీకు అర్థం కాదు, వంటింట్లో మెత్తటి పిండి కలిపేవాళ్లకి—"

ఇసాకు గరిటె ఎత్తి పెనాన్ని ఠంగుమని కొట్టాడు.

ఆ చప్పుడుకి ఇద్దరూ ఆగిపోయారు. ఇసాకు తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. గబగబా తల వంచబోయాడు.

"పెనం పగులుతుంది," అంది కినుయే.

ఇసాకు తల అక్కడే ఆగింది. మళ్లీ ఎత్తి, కళ్లు తుడుచుకోకుండానే, చల్లారిన అట్టు తినడం మొదలుపెట్టాడు. ఈసారి బాగుందని అనలేదు.

లేచి వెళ్తూ గుడ్డతెర దగ్గర వెనక్కి తిరిగాడు. "ఆ వంతెన సంగతి తేలలేదు, ఒకుసాన్."

"తేలదు. మీరే తప్పు."

ఆయన అడుగుల చప్పుడు వీధి మలుపు దాటేదాకా విన్నది. పడవ కూత వేసింది. కినుయే పెనం గీకి, నూనె రాసి, మంట ఆర్పింది. లోపలికెళ్లి ఫొటో ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"నీ తరఫున ఆయనే మాట్లాడాడు," అని చెప్పింది. "అచ్చం నీలాగే. గోల."

ఫొటోలో షిగెహారు ఎప్పటిలాగే నవ్వుతున్నాడు. అతని వైపు తిప్పి ఉంచిన టీవీని ఆమె మళ్లీ మామూలుగా జరిపింది. చివరి డిస్కు అందులోనే ఉండిపోయింది. తీయలేదు. నల్లకోన ఘట్టం ఇంకోసారి చూడాలి, వచ్చే ఆదివారం లోపల.