గోడ మీది పదిహేడు

ఆ ఏడు పన్నెండో తరగతి పిల్లలకి అచ్చువేసిన సర్టిఫికెట్లు లేవు. ఊళ్ళో ఉన్న ఒక్క ప్రెస్సునీ యుద్ధం కరపత్రాల కోసం పట్టుకుపోయారు. అందుకని పెద్ద టీచరమ్మ, క్లాసులో అచ్చుయంత్రం అని పేరుపడ్డ పిల్లని పిలిచి, దళసరి కాగితాల కట్టా రెండు సిరా బుడ్లూ చేతిలో పెట్టింది. ఆ పిల్ల చేతిరాత అలాంటిది. పేజీ మొదట్లో రాసిన అక్షరం, పేజీ చివర రాసిన అక్షరం పక్కపక్కన పెడితే కవలల్లా ఉండేవి.

స్టాఫు రూములో కిటికీలకి నల్లకాగితాలు అంటించి ఉన్నాయి. ఒక మూల చింపి, ఆ వెలుతురు పడేచోట బల్ల జరుపుకుని కూర్చుంది. క్లాసులో మొత్తం ముప్పై ఎనిమిది మంది. రాయాల్సినవి మాత్రం ముప్పై ఏడు. ఆ తగ్గిన ఒక్కడూ ఆమె అన్న.

అన్నకి క్లాసులో పేరు లంబు. గుమ్మాలన్నీ తనకి పగవాళ్ళన్నట్టు వంగి వంగి నడిచేవాడు. టైఫాయిడ్ వచ్చి ఒక ఏడాది పోగొట్టుకుని చెల్లెలి క్లాసులోకి వచ్చి పడ్డాడు. "నీకు తోడుగా ఉందామని తప్పానే" అని కోతలు కోసేవాడు. మధ్యాహ్నం పూట ప్రహరీగోడ దూకి రొట్టెల బట్టీలో పనికి పోయేవాడు. అందుకే సగం ఏడాది గడిచాక హాజరు లెక్క తీసి, అరవై రోజులు దాటని వాళ్ళని స్కూలు నుంచి తీసేసి పటాలానికి అప్పజెప్పమని హుకుం వచ్చినప్పుడు, లంబుకి యాభై ఎనిమిదే ఉన్నాయంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"నేను రోజూ వచ్చానే. హాజరు పొద్దున్నే కదా వేసేది? బట్టీకి పోయేది మధ్యాహ్నం" అని మొత్తుకున్నాడు వాడు.

"రిజిస్టరు అబద్ధం చెబుతుందా? నువ్వు ఎక్కడెక్కడ తిరిగావో నీకే తెలియాలి" అన్నది చెల్లెలు. అమ్మా అదే నమ్మింది. వెళ్ళేరోజు వంటింట్లోంచి బయటికి రాలేదు. వాడు గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడి, తనే తలుపు దగ్గరగా వేసుకుని వెళ్ళిపోయాడు. నలభై రోజులకి పటాలం నుంచి ఒక కాగితం వచ్చింది. అంతే. మనిషి రాలేదు.

సర్టిఫికెట్లో చివరి గడి హాజరు. ఏడాది మొత్తానికి నూట ఇరవై రోజులుంటే ఆస్పత్రికో తంతి ఆఫీసుకో వేస్తారు, ఇంటిపట్టున ఉండచ్చు. ఒక్కటి తగ్గినా తిన్నగా సరిహద్దుకే. ఆ గడి నింపడానికని లెక్కల మాస్టారి రిజిస్టరు ఆమె ముందు పెట్టారు. క్లాసు టీచరు కూడా ఆయనే.

పదిహేడో వరస దగ్గర వేలు ఆగింది. అన్న పేరు మీద ఎర్ర గీత. దానికి ముందు వచ్చిన రోజులు, రాని రోజులు. రాని రోజుల్లో ఐదు తేదీల పక్కన చిన్న చుక్క కనబడింది. చుక్క అంటే ఆ రోజు సైరన్ మోగిందని గుర్తు.

ఆమె ఆ ఐదు తేదీలూ మళ్ళీ మొదటి నుంచి చూసింది.

సైరన్ మోగితే చేతిలో ఉన్నది ఉన్నచోటే వదిలేసి నేలమాళిగలోకి పరుగెత్తాలి. రిజిస్టరు పైనే ఉండిపోతుంది. అందుకని కింద ఒక పద్ధతి పెట్టారు. ప్రతివాడూ నల్లరాతి గోడ మీద సుద్దముక్కతో తన నంబరు వేసుకోవాలి. రక్షకదళం మనిషి వచ్చి తలలు లెక్కపెట్టి చీటీ రాసిచ్చి పోతాడు. ప్రమాదం తప్పిందని తెలిశాక మాస్టారు గోడ చూసి నంబర్లు కాగితం మీద ఎక్కించుకుని, పైకి వెళ్ళి రిజిస్టరులో వేస్తాడు. పొట్టి అటెండరు తడిగుడ్డ పెట్టి గోడ తుడిచేస్తాడు. చీటీలో ఎన్ని తలలుంటే రిజిస్టరులో అంతమందే ఉండాలి, ఒక్కటి తేడా వచ్చినా మాస్టారి ఉద్యోగం ఊడుతుంది.

ఆ ఐదు రోజులూ అన్న కిందనే ఉన్నాడు. లాంతరు పట్టుకుంది వాడే. పొడుగువాడు కదా, వాడు ఎత్తి పట్టుకుంటే గోడంతా కనపడేదని అందరూ వాడికే అంటగట్టేవాళ్ళు.

ఆమె వేలు కిందికి జరిగింది. పద్దెనిమిదో వరస మాస్టారి కొడుకుది. చుక్కలున్న ఆ ఐదు రోజులూ వాడు వచ్చినట్టుంది. వాడు వచ్చాడా! సైరన్ అంటే వాళ్ళమ్మకి గుండెదడ. పొద్దున ఆకాశంలో గొణుగుడు వినబడితే చాలు, కొడుకుని మంచం కింద దాచేది. క్లాసంతా దాని మీద నవ్వుకునేవాళ్ళు.

లెక్కల మాస్టారు కదా, లెక్క సరిగ్గానే వేసుకున్నాడు. తలలు ముప్పై ఏడు. కొడుక్కి ఒకటి వెయ్యాలంటే ఇంకెవడిదో ఒకటి కొట్టెయ్యాలి. గోడ దూకేవాడని పేరుపడ్డ వాడిది కొట్టేస్తే అడిగే దిక్కెవరు? చెల్లెలే నమ్మింది. కన్నతల్లే నమ్మింది.

ఆమె కలం కింద పెట్టి నేలమాళిగలోకి దిగింది. గోడ కడిగిన పలకలా ఉంది. లాంతరు పైకెత్తింది. చెయ్యి చాలలేదు. బెంచీ లాక్కొచ్చి ఎక్కి మళ్ళీ ఎత్తింది.

అదుగో. దూలం కింద, అటెండరు చెయ్యి అందని చోట, వంకర గీతల్లో పదిహేడు. పక్కన తేదీ. దాని కింద మళ్ళీ పదిహేడు, ఇంకో తేదీ. మొత్తం పదకొండు. "కింద మీరు కొట్టుకు చావండి, నా జాగా మీకెవ్వరికీ అందదు" అని వాడు గొప్పలు పోవడం గుర్తొచ్చింది. ఆ ఐదు తేదీలూ అందులో ఉన్నాయి.

బెంచీ మీద నిలబడే ఏడ్చింది. ఏడుపు అయ్యాక కడుపులో మంట మిగిలింది. ఆ మంట ఆమెకి బాగుంది. ఇన్నాళ్ళూ తన మాటే తనని కాల్చింది, ఇప్పుడు కాల్చడానికి ఇంకో మనిషి దొరికాడు. పెద్ద టీచరమ్మకి చెప్పచ్చు. విచారణ అంటారు, కాగితాలు తిరుగుతాయి, మాస్టారు కళ్ళు తుడుచుకుంటాడు, అందరికీ జాలేస్తుంది. ఆ జాలి ఆమెకి అక్కర్లేదు. ఆయన చేత్తో తీసింది ఆయన చేత్తోనే ఇవ్వాలి.

రెండు రోజులు కూర్చుని ముప్పై ఎనిమిది రాసింది. పదిహేడో నంబరు కాగితంలో హాజరు గడిలో 'అరవై మూడు, సగం ఏడాదికి' అని నిబ్బరంగా రాసింది. పద్దెనిమిదో నంబరుది అన్నిటికన్నా అందంగా రాసి, హాజరు గడి మాత్రం ఖాళీగా వదిలేసింది.

పెద్ద టీచరమ్మ కట్ట తిరగేస్తూ సంతకాలు గీకేస్తూ అన్న కాగితం దగ్గర ఆగింది. "ఇంటికి తీసుకెళ్ళడానికా తల్లీ? మంచిపని చేశావు" అని సంతకం పెట్టి కళ్ళద్దాలు తుడుచుకుంది. ఖాళీ గడి ఆవిడ కంట పడలేదు.

పైన హాల్లో జనం గుమిగూడకూడదని నిషేధం. సర్టిఫికెట్ల సభ పట్టపగలు నేలమాళిగలోనే పెట్టారు. మూడు లాంతర్లు, ఇరవై బెంచీలు. మూలన చిన్న బల్ల దగ్గర పటాలం గుమాస్తా జాబితా పరుచుకుని కూర్చున్నాడు. నంబరు పిలవడం, కాగితం పైకి చదవడం క్లాసు టీచరు పని. కాగితాలు అందించడం అచ్చుయంత్రం పని. ఆమె సరిగ్గా దూలం కింద నిలబడింది.

పదహారు దాకా సాఫీగా నడిచింది. చప్పట్లు కొట్టారు, ఎవరో ఈల కూడా వేశారు.

పదిహేడో కాగితం చేతికొచ్చేసరికి మాస్టారు ఆగిపోయాడు. "ఇది... ఈ అబ్బాయి..."

"చదవండి మాస్టారూ. టీచరమ్మగారి సంతకం ఉంది" అన్నది ఆమె.

చదివాడు. హాజరు దగ్గరికి వచ్చేసరికి మాట మింగబోయాడు గానీ, ముందు బెంచీలో ఉన్నవాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు. "అరవై మూడు" అన్నాడు.

గుమాస్తా తలెత్తాడు. "అరవై మూడా? అరవై దాటినవాణ్ణి మాకెందుకు పంపారండీ?"

"రాతలో ఏదో పొరపాటు... ఈ అమ్మాయి దుఃఖంలో ఉంది..."

ఆమె బెంచీ ఎక్కి లాంతరు పైకెత్తింది. మొదట చూసింది పొట్టి అటెండరు. "అయ్యో, అది తుడవలేదే" అని గొణిగాడు. తర్వాత ఒక్కొక్కరే తలలు పైకెత్తారు. వాళ్ళంతా ఆ రోజుల్లో అక్కడ కూర్చున్నవాళ్ళే, వాడి చేతిలోని లాంతరు వెలుగులో తమ నంబర్లు వేసుకున్నవాళ్ళే. ఎవరూ వాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేకపోయింది.

ఆమె దిగి పద్దెనిమిదో కాగితం, సిరాలో ముంచిన కలం కలిపి అందించింది. "ఇందులో ఒక్క గడి మిగిలింది మాస్టారూ. మీ చేత్తో మీరే నింపండి. గోడకి ఎదురుగా నిలబడి నింపండి."

మాస్టారు కాగితం పట్టుకున్నాడు. రిజిస్టరు ప్రకారం నూట ఇరవై ఒకటి. నిజం ప్రకారం నూట పదహారు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. అది చూస్తుంటే ఆమెకి దాహం తీరినట్టుంది. ఇంకా పట్టాలి, బాగా పట్టాలి అనుకుంది.

ఆయన నూట ఇరవై ఒకటి అనే రాశాడు.

"ఆ ఐదు రోజులూ పద్దెనిమిదిని ఇక్కడ చూసినవాళ్ళు చెయ్యెత్తండి" అన్నది ఆమె క్లాసు వైపు తిరిగి.

ఒక్క చెయ్యి లేవలేదు. వెనక బెంచీలోంచి మాస్టారి కొడుకు లేచి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను రాలేదు. అమ్మ పంపలేదు. నాకు హాజరు పడిందనే తెలీదు నాన్నా! వాడి బదులా? లంబు బదులా వేశావు?"

"కూర్చోరా! నోర్ముయ్!" అని అరిచాడు మాస్టారు.

గుమాస్తా లేచి వచ్చి కాగితం లాక్కుని, అంకె కొట్టేసి, జాబితాలో పద్దెనిమిది ముందు ఎర్ర సిరాతో గుర్తు పెట్టాడు. "ఎల్లుండి పొద్దున బండి. మాస్టారి సంగతి పైవాళ్ళు చూసుకుంటారు" అన్నాడు.

మాస్టారు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను ఉరి తీయించమ్మా, పడతాను. వాడికేం తెలీదు. వాడేం చేశాడమ్మా?"

"మా అన్నేం చేశాడు మాస్టారూ?"

ఆమె చెయ్యి విడిపించుకుని, మిగతా ఇరవై కాగితాలూ తనే చదివి పంచింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ కూరగాయలు తరుగుతోంది. ఆమె అన్న కాగితం తీసి పీట పక్కన పెట్టింది.

"రోజూ వెళ్ళాడమ్మా వాడు" అన్నది.

అమ్మ కత్తి ఆగిపోయింది. కూతురు చెప్పిందంతా విన్నది. మాస్టారికి చెమట పట్టడం, కొడుకు మొహం పాలిపోవడం, అన్నీ ఒక్కటి వదలకుండా చెప్పింది ఆమె, అమ్మకి కూడా అందులో వాటా ఇవ్వాలన్నట్టు. అమ్మ తడిచెయ్యి చీరకి తుడుచుకుని కాగితం మీద కొడుకు పేరుని వేలితో తడిమింది.

"ఎల్లుండా ఆ పిల్లాడు వెళ్ళేది?"

"ఎల్లుండి."

అమ్మ లేచి పెట్టె తీసింది. లంబు కోసం అల్లిన ఉన్ని స్వెట్టరు బయటికి తీసింది. అల్లడం అయిపోయినా కోపం మీద వాడికి ఇవ్వలేదు. చేతులు మూరెడు పొడుగు.

"ఇది ఆ పిల్లాడికి ఇచ్చిరా."

"నేను ఇవ్వను." ఆమె గొంతు లేచింది. "వాడి నాన్న మనవాణ్ణి చంపాడు. నువ్వు కూడా ఆ మాస్టారిలాగే వాడేం చేశాడంటావా?"

"అనను. మనవాడు గుమ్మంలో నిలబడి ఉంటే నేను వంటింట్లో పిండి కలుపుతూ కూర్చున్నాను. అక్కడ చలి ఎంతుంటుందో కూడా అడగలేదు. అది ఆ మాస్టారు చేయించింది కాదు కదే." అమ్మ చెప్పులు వేసుకుంది. "నువ్వు రాకపోతే నేనే పోతాను."

ఆమె వెళ్ళలేదు. పశ్చాత్తాపం కలిగిందా అంటే లేదు. లేనిదాన్ని ఉందనడం ఎందుకు? ముక్కాలిపీట ఎక్కి, అన్న తల తగిలే ఎత్తు గుర్తుచేసుకుని, అక్కడ కాగితాన్ని మేకుతో గోడకి కొట్టింది. ఒక్కో దెబ్బా మాస్టారి నెత్తిన వేస్తున్నట్టే వేసింది.

ఆఖరి దెబ్బ వేస్తుండగానే అమ్మ తిరిగొచ్చింది. స్వెట్టరు చేతిలోనే ఉంది.

"తీసుకోలేదా?"

"వాళ్ళమ్మ తలుపు తియ్యలేదు. చాలాసేపు కొట్టాను. లోపల ఏడుపు వినబడుతూనే ఉంది." అమ్మ కింద కూలబడి స్వెట్టరుని ఒళ్ళో పెట్టుకుని దాని చేతులు మడవసాగింది. "నేనైతే మాత్రం తీసేదాన్నా?"

పీట మీదున్న ఆమె సుత్తి దించలేదు.