బకెట్టుకు చెప్పిన మాట

లూపె వెనకసీటు కింద ఇసుక లాగుతూ లాగుతూ ముక్కు చిట్లించింది. ఏదో కొత్త ఘాటు. రోజూ వచ్చే యాసిడ్ వాసన కాదు, అది పుల్లపుల్లగా వచ్చి పోతుంది. ఇది గొంతులోకి దిగి గీరుతోంది. వాక్యూమ్ ఆపి కారులోంచి తల బయటికి పెట్టింది.

ఎదురు చప్టా మీద ఆమె తమ్ముడు సెమీసి నీళ్లలో మోకాళ్లూని చక్రం తోముతున్నాడు. మెడకూ భుజానికీ తేడా తెలియని భారీ మనిషి. ఆ ఒళ్లంతా వంచుకుని, చంటిపిల్లకు నీళ్లు పోసేవాడిలా చక్రం సందుల్లో బ్రష్షు తిప్పుతున్నాడు. పక్కన నీలం డబ్బా ఉంది. నిన్నటిదాకా అక్కడ ఉండేది తెల్లది. చేతులకు గ్లవ్స్ లేవు. అవి కుళాయికి వేలాడుతున్నాయి. కుడిచేతి దానికి బొటనవేలి మొదట్లో చిల్లు పడి చాలా రోజులైంది. ఆఫీసు బీరువాలో కొత్త జతలున్నా అడిగి తెచ్చుకునే రకం కాదు సెమీసి. ఎవరినీ ఏదీ అడగని మనిషి.

ఆక్లండ్ విమానాశ్రయం పక్కన అద్దెకార్ల యార్డు అది. వరస సెలవులొచ్చాయి కదా, కార్లన్నీ సముద్రాల వెంట తిరిగి ఇసుక, తారు, బ్రేకు పొడి పూసుకుని వచ్చి పడ్డాయి. చక్రాలైతే బొగ్గు గనిలోంచి తీసినట్టున్నాయి. చక్రం కడగడానికి ఒక వరస ఉంది. ముందు సబ్బునీళ్లు. లొంగకపోతే రంగు మారే మందు, బ్రేకు పొడి తగలగానే అది ఊదాగా తిరిగి కమిలిన దెబ్బలా కారిపోతుంది. దానికీ లొంగని మొండి చక్రానికే యాసిడ్, అదీ చక్రం చల్లారాక, పలచగా, ఆరిపోకముందే నీళ్లు కొట్టేయాలి. ఆ వరస ఈ యార్డులో మొదట పట్టుబడింది లూపెకే. సెమీసి తమ తొంగా దీవుల నుంచి వచ్చినప్పుడు తన చప్టా తమ్ముడికి ఇప్పించి, తను సీట్లు దులిపే పనికి మారింది. పని కూడా తనే నేర్పింది. కాకపోతే నేరుగా కాదు. ఆమె హేమికి చెప్పేది, హేమి సెమీసికి చూపించేవాడు.

ఇదేం చోద్యం అని తెల్లవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. తొంగా ఇంట్లో ఆడపిల్ల ఎదిగిందంటే ఇక ఆమె ఉన్న గదిలో తమ్ముడు ఉండడు. ఆమె ముందు జోకులాడడు, ఒంట్లో బాగాలేదని చెప్పుకోడు, ఆమె మాటకు ఎదురాడడు. అక్కంటే దేవుడి తర్వాత దేవుడు. దేవుడితో ముచ్చట్లేమిటి? పన్నెండేళ్ల వయసులో సెమీసి చాపా దిండూ చుట్టుకుని బాబాయి ఇంటికి పడకకు వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరి మధ్యా ఎప్పుడూ మూడో మనిషి ఉండాల్సిందే.

ఇక్కడ ఆ మూడో మనిషి హేమి. ఈ దేశపు మూలవాసి, మావోరీ ముసలాయన, నోరు మూతపడదు. "ఏవమ్మా రాణీగారూ, తమ్ముంగారికి ఇవాళేం ఆజ్ఞ?" అని అరిచేవాడు. ఆమె చెప్పింది మోసుకెళ్లి, "ఒరే కొండోడా, మీ అక్క నిన్ను గొడుగేసుకుని ఇంటికి పొమ్మంది, లేకపోతే జలుబు చేస్తుందంట నా బంగారుకొండకి!" అని నలుగురిలో చాటేవాడు. సెమీసి చెవులదాకా కందిపోయి, ఆ రోజు వాన లేకపోయినా గొడుగు వేసుకుని మరీ వెళ్లేవాడు.

ఇవాళ హేమి రాలేదు. పన్ను పీకించుకోవడానికి పోయాడు.

ఆ నీలం డబ్బా సంగతి లూపెకు తెలుసు. ఇదివరకు పనిచేసిన లారీల షెడ్డులో వాడేవాళ్లు. ఒక పాలు మందుకు పది పాళ్లు నీళ్లు కలపాలి. తెల్ల డబ్బాలోది నీళ్లు కలిపే వచ్చేది, అలాగే చల్లడమే. సెమీసి దీన్నీ అలాగే చల్లుతున్నాడు. దీని పాడుగుణం ఏమిటంటే, తగలగానే మండదు. మండితే మనిషి చెయ్యి లాక్కుంటాడు కదా! ఇది చడీచప్పుడు లేకుండా చర్మం దాటి ఎముకలోకి పోతుంది. ఆ షెడ్డులో ఒకతనికి రెండు వేళ్లు తీసేశారు.

యజమాని క్రెయిగ్ ఆఫీసు గుమ్మంలో ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. లూపె పరుగెత్తుకెళ్లింది.

"సార్, ఆ కొత్త మందు కలపకుండా కొడుతున్నాడు. ఒకసారి చెప్పండి సార్."

క్రెయిగ్ ఫోను మీద చెయ్యి పెట్టాడు. "ఎదురుగానే ఉన్నాడుగా, నువ్వే చెప్పు. మీ ఇద్దరి మధ్యా రాయబారాలు నడపడానికా నేనున్నది?" అని మళ్లీ ఫోనులో పడ్డాడు.

సెలవులు కాబట్టి యార్డులో ఇంకో మనిషి లేడు. సెమీసి ఫోను తడుస్తుందని సంచిలోనే ఉంటుంది. లూపె కాళ్లు ఈడ్చుకుంటూ చప్టా వైపు నడిచింది. ఆమె రావడం చూడగానే సెమీసి లేచాడు. తల వంచి, పక్కకు తిరిగి, అవతలి కారు దగ్గరికి కదలబోయాడు. దగ్గరికి వెళితే తమ్ముడు దూరం జరుగుతాడు, అదీ మర్యాద. లూపె చుట్టూ చూసింది. ఖాళీ బకెట్టు ఒకటి కనిపించింది. దాని ముందు ఆగి, దానికేసి చూస్తూ అంది:

"బకెట్టూ, బకెట్టూ! ఆ మందు మంచిది కాదే. అది ముట్టుకునేవాళ్లు గ్లవ్స్ తొడుక్కోవాలే."

సెమీసి ఆగిపోయాడు. నేల మీద పారుతున్న నీళ్ల గొట్టం చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత అతను చేతిలోని గొట్టాన్ని చూస్తూ, నెమ్మదిగా, "గొట్టమా, సరేనని చెప్పవే. ఇప్పుడే తొడుక్కుంటానని చెప్పు" అన్నాడు.

అంత లావు మనిషికి అంత సన్నటి గొంతు ఉందని లూపెకు తెలియదు. చిన్నప్పుడు బురదగుంటలో పీతల్ని పడుతూ "అక్కా, ఇటు చూడవే" అని అరిచినవాడి గొంతే అది. కొంచెం కూడా ముదరలేదు. ఆమె కళ్లు మసకబారాయి. ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయి. నీళ్లు కలపాలి, కొత్త జత తెచ్చుకోవాలి. అవేవీ చెప్పకుండానే, మొహం కొంగులో దాచుకోవడానికి కొంగు లేక, చేతిలో ఉన్న తుడుపుగుడ్డ అడ్డం పెట్టుకుని గబగబా వెనక్కి వచ్చేసింది.

వెనకసీటు కింద దూరి, వాక్యూమ్ మోతలో ఎవరికీ వినబడదని గట్టిగా నవ్వింది. సరేనన్నాడు! గొట్టంతో చెప్పించాడు, కొంటె వెధవ. హేమి వచ్చాక చెబితే ఎగిరి గంతేస్తాడు. తల ఎత్తి చూస్తే సెమీసి గ్లవ్స్ తొడుక్కుని ఉన్నాడు, మోచేతుల దాకా లాక్కుని మరీ. ఎప్పుడు ఏం చెప్పినా అంతే, అక్షరం తప్పడు. ఆ సంతోషంలో ఆమె చిల్లు మాటా, నీళ్లు కలపాలన్న మాటా మరిచిపోయింది.

మధ్యాహ్నం లూపె కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు పొట్లాన్ని గుమ్మం దగ్గర పెట్టి, అతను తీసుకోవడానికి వీలుగా అవతలికి వెళ్లింది. తిరిగి వస్తే పొట్లం విప్పకుండా అలాగే ఉంది. సెమీసి గ్లవ్స్ మళ్లీ కుళాయికి తగిలించి, రెండు చేతులూ నీళ్ల తొట్టిలో మునగబెట్టి నిలబడ్డాడు. కాసేపటికి తీసి గాలిలో విదిలించి, మళ్లీ ముంచాడు. మోకాళ్లు కూడా తడుముకుంటున్నాడు. పెదాలు తెల్లగా ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. చిల్లు. పొద్దుటి నుంచీ ఆ మందు చిల్లులోంచి దిగి, బయటికి పోయే దారి లేక, వేళ్ల చుట్టూ నిలిచి నానుతోంది. వట్టి చేతులైనా ప్రతి చక్రానికీ కొట్టే నీళ్లతో కడుక్కుపోయేవి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఊరికే అన్నారా?

"సెమీసీ!" అని అరిచింది లూపె. పేరు పెట్టి, నేరుగా.

అతను ఉలిక్కిపడి తల వంచుకున్నాడు. అక్క తనను పేరు పెట్టి కేకేసిందంటే ఏదో ఘోరమైన తప్పు చేసి ఉంటాననుకున్నాడు కాబోలు. గేటు వైపు అడుగులు వేశాడు. గేటు దాకా వెళ్లి, నెమ్మదిగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లూపె వెళ్లి పక్కన కూలబడింది. అతని తల ఒళ్లోకి తీసుకుంది. జరగడానికి అతనికి ఓపిక లేదు.

"వెళ్లిపో అక్కా," అన్నాడు కళ్లు మూసుకునే. "బాగుండదు. చూస్తారు."

"చూడనీరా. చూడనీ."

అంబులెన్సు వచ్చేసరికి అతనికి మాట లేదు. ఆ మందు ఒంట్లో సున్నమంతా, అదే కాల్షియం, లాగేసిందనీ, అది లేక గుండె ఆగిందనీ సాయంత్రం డాక్టరు చెప్పాడు. గ్లవ్స్ ఎవరు వేసుకోమన్నారు, చిల్లు చూసుకోలేదా అని అడిగాడు.

తొంగా అంత్యక్రియల్లో పోయినవాడికి వరసలో తక్కువవాళ్లు చిరిగిన చాప నడుముకు చుట్టుకుని వంటపొయ్యి దగ్గర ఉంటారు. అక్క ఎక్కువ కదా, లూపెకు మేలైన చాప తెచ్చి కట్టారు. చిరిగింది ఇమ్మని వేడుకుంది. "తప్పమ్మా, నువ్వు అతనికి పైదానివి" అన్నారు పెద్దలు. ఆ మెత్తటి చాప ఆమెను నిలువునా కోసింది.

ఆ తర్వాత పనిలోకి వెళ్లిన రోజు హేమి ఆమెను చూసి నోరు తెరిచాడు. ఉబ్బిన దవడ పట్టుకుని, "ఆ రోజే పీకించుకోవాలా నేను? ఆ రోజే?" అని పసివాడిలా ఏడ్చాడు. లూపె చప్టా మీదికి వెళ్లి, ఆ బకెట్టు ముందు నిలబడి, ఆ రోజు మింగేసిన మాటలు ఒక్కొక్కటే చెప్పింది. నీళ్లు కలపాలి. కొత్త జత తెచ్చుకోవాలి. తినకుండా ఉండకూడదు.

కుళాయికి అతని గ్లవ్స్ వేలాడుతున్నాయి, ఎడమదాని పక్కన కుడిది, వేళ్లు ఇంకా అతని చేతి లావున ఉబ్బి, బొటనవేలి మొదట్లో చిల్లుతో.