ఎక్కువ వచ్చిన అంకె

సొంతవాళ్లకి గుండె ఎకో పరీక్ష మనమే చెయ్యకూడదని మా ఆసుపత్రి టెక్నీషియన్లలో ఒక మాట ఉంది. అక్క వింటేగా. చేస్తే నువ్వే చెయ్యాలని బల్ల మీద భీష్మించుకుని కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. చిన్నప్పట్నించీ ఇంతే, ఆవిడ అనుకున్నదే జరగాలి.

ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టాను. జెల్ రాసి ఛాతీకి ప్రోబ్ ఆనించగానే, "ఇంత చల్లగా ఉందేమే, చంపుతావా?" అంది. కొన్నాళ్లుగా మెట్లెక్కితే ఆయాసం, మొన్న వంటింట్లో కళ్లు తిరిగి పడింది. తెర మీద చూశాను. గుండెలోంచి రక్తం బయటికెళ్లే కవాటం సున్నం పట్టినట్టు గట్టిపడి, సరిగ్గా తెరుచుకోవడం లేదు.

ఆ ఇరుకులోంచి రక్తం ఎంత జోరుగా దూసుకొస్తోందో కొలవాలి. జోరు ఎంత ఎక్కువైతే జబ్బు అంత ముదిరినట్టు. ఇందులో ఒక తిరకాసు ఉంది. ప్రోబ్ కాస్త వంకరగా పెడితే అంకె తక్కువ చూపిస్తుంది. అందుకే ఎన్నిచోట్ల కొలిచినా, అన్నిటికన్నా ఎక్కువ వచ్చిందే రాస్తాం. మొదట వచ్చిన అంకె ఫరవాలేదు, కొన్నాళ్లు ఆగొచ్చు. అక్కడితో ఆపెయ్యాలనిపించింది. కానీ చేతికి అలవాటైన పని. కుడిపక్కకి తిప్పి మళ్లీ చూశాను. అంకె ఎగబాకింది.

అక్క నా మొహం చూసి కనిపెట్టేసి, రెండు అంకెలూ నాచేత చెప్పించుకుంది.

"మొదటిదే రాయవే. లేకపోతే ఇప్పుడే ఆపరేషనంటారు. అమ్మాయికి వచ్చే నెల కాన్పు. బిడ్డని ఎత్తుకున్నాక మీరేం చేసుకున్నా సరే."

"నోరు మూసుకో అక్కా. ఈలోగా ఏదన్నా అయితే?"

ఎక్కువదే రాశాను.

ఎకో బొమ్మలు చూసి రోగికి ముందుముందు ఏమవుతుందో అంచనా కట్టే కంప్యూటర్ ప్రోగ్రాం మా డాక్టరుగారి దగ్గర ఉంది. ఆపరేషన్ చెయ్యకపోతే ఏడాది గడవడం కష్టమంది. చేస్తే వందమందిలో తొంభైమందికి పైగా క్షేమంగా ఇంటికెళతారంది. ఆ మాట పట్టుకుని నేనే అక్క వెంటపడ్డాను. బతిమాలాను, కసిరాను, చివరికి ఏడ్చాను. నా ఏడుపు చూడలేక ఒప్పుకుంది.

కవాటం బాగానే మార్చారు. గుండే మళ్లీ పుంజుకోలేదు. ఇంటికి రాని ఆ కొద్దిమందిలో మా అక్క ఉంది.

కాన్పయ్యాక అక్క కూతుర్ని చూడ్డానికి వెళ్లాను. పిల్లాణ్ణి నా చేతుల్లో పెట్టింది. నుదురు అచ్చం అక్కదే.

"పిన్నీ, మొదటి అంకె రాయమని అమ్మ నిన్ను అడిగిందట కదా. నాతో చెప్పింది. అది రాసుంటే వీణ్ని చూసేదా?"

ఎవరికి తెలుసమ్మా అని తప్పించుకోవచ్చు. కానీ అది అక్క కూతురు, నా కళ్లలోకే చూస్తోంది.

"చూసేదేమోనమ్మా," అన్నాను. "నెలేగా."

అది నా చేతుల్లోంచి పిల్లాణ్ణి తీసుకుని, అటు తిరిగి పడుకుంది.